పచ్చి బాలింత తలనొప్పి

మా అమ్మాయి కాన్పు మే నెలాఖరులో, ఢిల్లీలోనే జరిగింది. ఆపరేషన్ అవసరం పడలేదు. ఆడపిల్ల. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. మూడో రోజున ఆస్పత్రి నుంచి నేరుగా వసంత్ కుంజ్‌లోని మా ఫ్లాట్‌కు తీసుకువచ్చాం. అల్లుడికి గురుగ్రామ్‌లో ఉద్యోగం, వాళ్ళ ఇల్లూ అక్కడే. అయినా మొదటి కాన్పు కాబట్టి మూడు నెలలు మా దగ్గరే ఉండాలని నేను పట్టుబట్టాను. అతనూ కాదనలేదు. లాప్‌టాప్ తెచ్చుకుని మా ముందు గదిలోనే మకాం పెట్టాడు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయ్యాను. నలుగురిలో తెలివైన మనిషిననే పేరుంది. బాలింతను చూసుకోవడంలో మాత్రం నాకు తెలిసిందల్లా మా అమ్మ నాకు చేసిందే. పాత బియ్యపు అన్నం, నేతిలో వేయించిన వెల్లుల్లి, శొంఠిపొడి, ఎండబెట్టిన కూరలు. చెవుల్లో దూది, తల చుట్టూ గుడ్డ. కిటికీ ఊచ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనే ఎండలు అవి. అయినా ఏసీ వేయనివ్వలేదు. ఫ్యాన్ కూడా గోడవైపు తిప్పిన టేబుల్ ఫ్యానే. నీళ్ళు కాచి చల్లార్చి పూటకు ఒక గ్లాసు ఇచ్చేదాన్ని.

“అమ్మా, ప్యాస్ లగీ హై. ఔర్ దో నా,” అనేది అమ్మాయి.

“ఇందాకేగా తాగావు! పచ్చి బాలింతవి. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరిగిపోతుంది, పిల్లకు జలుబు చేస్తుంది. నోరు తడుపుకో, చాలు.”

తను ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు. దానికి నేను విసుక్కోవడమూ అలవాటే. స్కూల్లో లెక్కలు చెబుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలను కంటిచూపుతో కూర్చోబెట్టగల మనిషి. కాన్పు తరవాత మాత్రం నా ముందు చిన్నపిల్ల అయిపోయింది. నేను వద్దంటే వద్దు, చాలంటే చాలు. అది చూసి నాకు లోలోపల సంతోషంగా ఉండేది. పెళ్ళయ్యాక అమ్మాయి మళ్ళీ నా చేతికి వచ్చినట్టు అనిపించింది. ఈ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఉన్నమాట.

మునిర్కా నుంచి ఒక ఆమె రోజూ పొద్దున్నే వచ్చి తల్లికీ బిడ్డకూ నూనెతో మాలిష్ చేసి వెళ్ళేది. ఇంచుమించు నా ఈడుదే. ఎంతోమంది బాలింతలను చూసిన చేతులు. వారం దాటాక ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, “ఆంటీజీ, దీదీ పెదాలు పగిలిపోయాయి. పాలిచ్చే మనిషి. నీళ్ళు బాగా ఇవ్వండి,” అని హిందీలో మెల్లగా చెప్పింది.

“మా వైపు పద్ధతి వేరు,” అన్నాను.

“అచ్ఛా,” అని ఊరుకుంది. ఆ మధ్యాహ్నమే అల్లుడు కూడా అడిగాడు. “అత్తమ్మా, అంత దూప అంటున్నది కదా, ఇంకో గ్లాసు ఇయ్యరాదా?” “నీకు తెలియదులే బాబూ,” అని నవ్వాను. అతనూ నవ్వి మీటింగ్‌కు వెళ్ళిపోయాడు. ఆ నవ్వులు రెండూ తరవాత నన్ను చాలా కాలం వదల్లేదు.

తొమ్మిదో రోజున తలనొప్పి మొదలైంది. మొదట కణతల దగ్గర అంది. నిద్ర చాలకే అనుకుని శొంఠి అరగదీసి పట్టువేశాను. మర్నాటికి తల మొత్తం నొప్పి. తగ్గుతూ పెరుగుతూ ఉండే నొప్పి కాదు. పెరుగుతూనే ఉంది. దగ్గినా, ముందుకు వంగినా రెండు చేతులతో తల పట్టుకునేది. నాకు వింతగా అనిపించిందొక్కటే. తలనొప్పి వస్తే ఎవరైనా పడుకుంటారు. ఈ పిల్ల పడుకోనంటుంది. పడుకుంటే ఇంకా ఎక్కువవుతుందని గోడకు దిండు పెట్టుకుని కూర్చునేది.

పదకొండో రోజున రెండుసార్లు వాంతి అయ్యింది. అల్లుడు దగ్గరలోని క్లినిక్‌కు తీసుకువెళ్ళాడు. నిద్రలేమి, మైగ్రేన్ అని బాలింతలందరికీ చెప్పే మాటే ఆ డాక్టరు మాకూ చెప్పి మాత్రలు రాశాడు. ఆయనను తప్పు పట్టే అర్హత నాకు లేదు. రోజంతా పక్కనున్న నేనే పోల్చుకోలేదు.

పన్నెండో రోజు పొద్దున పదకొండు గంటలకు పాలు పట్టడానికి పిల్లను అందించబోయాను. అమ్మాయి నావైపు కాకుండా నా భుజం పక్కకు చూస్తోంది. “రెండు కనిపిస్తున్నాయి,” అంది తెలుగులో. ఏమిటి రెండని నేను అడిగేలోపే కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ఎగరడం మొదలుపెట్టాయి. తను వాటిని ఎవరి వేళ్ళో అన్నట్టు చూసింది. చెయ్యి నుంచి భుజానికి, భుజం నుంచి మొహానికి ఆ కుదుపు పాకింది. పిల్లను గుండెకు అదుముకుని నేను అరిచిన అరుపుకు అల్లుడు చెవుల్లో ఇయర్‌ఫోన్ అలాగే ఉండగా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అమ్మాయి పక్కకు ఒరిగిపోయి కొట్టుకుంటోంది.

పసిపిల్లను మా వారి చేతుల్లో పెట్టి బయలుదేరాం. ఆయన రిటైరై ఆరేళ్ళయింది. అంతవరకు ఏ బిడ్డకూ ఒక చెంచాడు పాలు పట్టి ఎరగని మనిషి. “మీరు వెళ్ళండి, నేను చూసుకుంటా,” అన్నారు. ఎలా చూసుకుంటారని అడిగే తీరిక లేదు. మాలిష్ చేసే ఆమెకు ఆయనే ఫోన్ చేశారట. ఆమె అరగంటలో తిరిగొచ్చి సాయంత్రం దాకా ఉండిపోయిందని తరవాత తెలిసింది.

పెద్దాస్పత్రి ఎమర్జెన్సీలో మూర్ఛకు ఇంజెక్షన్ ఇచ్చి సీటీ స్కాన్ తీశారు. కుర్ర డాక్టరు దాన్ని చూసి పెద్దగా ఏమీ లేదన్నట్టు మాట్లాడాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇంతలో నరాల విభాగం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. హడావిడి లేదు. చిన్న లైటున్న పరికరంతో అమ్మాయి కళ్ళలోకి చాలాసేపు చూసింది. తరవాత మా ఇద్దరివైపు తిరిగి హిందీలో ప్రశ్నలు వేసింది. కాన్పు ఎప్పుడైంది? తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి? పడుకుంటే ఎక్కువవుతోందా? రక్తం తక్కువగా ఉందని ఎప్పుడైనా చెప్పారా? అన్నిటికీ అల్లుడే జవాబిచ్చాడు. చివరగా, “రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతోంది?” అని అడిగింది.

అల్లుడు నావైపు చూశాడు.

“మూడు గ్లాసులు. ఒక్కోరోజు నాలుగు,” అన్నాను.

“ఈ ఎండలో? పాలిస్తూ?”

ఆమె మందలించలేదు. ఎమ్మారై తీయాలి, దాంతోపాటు మెదడులోని సిరలు కనిపించేలా ఇంకో రకం స్కాన్ కూడా తీయాలి అని రాసి వెళ్ళింది.

ఆ స్కాన్ చూపిస్తూ ఆమె చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. కంప్యూటర్ మీద తల బొమ్మలో తెల్లని దారులు కనిపిస్తున్నాయి. కుడివైపు చెవి వెనక నుంచి మెడలోకి దిగే దారి నిండుగా ఉంది. ఎడమవైపు సగం నుంచి ఏమీ లేదు. ఎవరో రబ్బరుతో చెరిపేసినట్టుంది.

“మెదడుకు రక్తం తెచ్చే నాళాలు వేరు మాతాజీ. వాడిన రక్తాన్ని మళ్ళీ గుండె వైపు తీసుకుపోయే నాళాలు వేరు. పక్షవాతం అనగానే అందరూ తెచ్చే నాళాల గురించే ఆలోచిస్తారు. ఈమెకు తీసుకుపోయే దాంట్లో, అంటే సిరలో, రక్తం గడ్డకట్టింది. లోపలికి వచ్చేది వస్తూనే ఉంది. బయటికి పోవడానికి దారి లేదు. అందుకే తల లోపల ఒత్తిడి పెరిగింది. పడుకుంటే నొప్పి ఎక్కువైంది కూడా అందుకే. కళ్ళ వెనక నరం వాచింది. ఎడమవైపు మెదడు కొంత ఉబ్బింది, అక్కడ కాస్త రక్తం కూడా చిమ్మింది.”

నాకు అరవై రెండేళ్ళు. బీపీ, షుగరు, గుండెపోటు, పక్షవాతం అన్నీ వింటూ బతికిన మనిషిని. మెదడులో సిరలుంటాయనీ, వాటికి కూడా జబ్బు చేస్తుందనీ, అది ముప్పై ఏళ్ళ పిల్లకు రావచ్చనీ ఆ రోజు దాకా ఎరగను.

రక్తం పల్చబడే ఇంజెక్షన్ వెంటనే మొదలుపెట్టాలి, సంతకం చెయ్యండి అన్నారు. అల్లుడు కలం పట్టుకుని ఆగిపోయాడు.

“మేడమ్, లోపల బ్లీడింగ్ ఉందంటున్నరు. మళ్ళ రక్తం పల్చగయ్యే మందు ఇస్తే ఎట్ల? ఇంకా ఎక్కువ కాదా?”

ఎవరికైనా వచ్చే అనుమానమే. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. “మంచి ప్రశ్న. ఆ రక్తం పోయే దారి లేక, ఒత్తిడికి చిమ్మింది. గడ్డ పెరిగితే ఇంకా చిమ్ముతుంది. గడ్డ పెరగకుండా ఆపాలంటే ఈ మందే ఇవ్వాలి. ప్రమాదం అసలు లేదని నేను చెప్పను. ఇవ్వకపోతే ఉన్న ప్రమాదం ఎక్కువ.” అతను ఇంకో నిమిషం కాగితం వైపు చూస్తూ కూర్చుని సంతకం చేశాడు.

మూర్ఛ మళ్ళీ రాలేదు. మూడో రోజుకు తలనొప్పి కూడా కొద్దిగా తగ్గింది. కానీ అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. అమ్మాయికి మాటలు దొరకడం లేదు. మమ్మల్ని గుర్తుపడుతుంది. చెప్పింది చాలావరకు అర్థమవుతుంది. వస్తువు పేరు చెప్పమంటే మాత్రం ఆగిపోతుంది. డాక్టరమ్మ తాళంచెవి చూపిస్తే, “అది... తలుపు... వో...” అని చేత్తో తిప్పి చూపించింది. చెంచాను దువ్వెన అంది. తప్పు అన్నానని తనకే తెలిసి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

ఇరవై ఏళ్ళుగా ‘తెలుగులో చెప్పవే’ అని పోరుపెట్టిన దాన్ని నేను. ఆ మంచం పక్కన కూర్చుని, “హిందీలో చెప్పమ్మా, ఇంగ్లీషులో చెప్పు, ఏదో ఒకటి చెప్పు,” అని బతిమాలాను. ఏ భాషలోనూ రాలేదు.

ఆ సాయంత్రం తను పదే పదే చేత్తో ఏదో అడగడం మొదలుపెట్టింది. దిండు ఇచ్చాను, కాదంది. ఫోన్ ఇచ్చాను, కాదంది. అల్లుడు తన ఆఫీసు డైరీ, కలం ఇచ్చాడు. కుడిచెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది. వంకర టింకరగా రెండు అంకెలు వేసింది. మధ్యలో చుక్క. 2.8.

మాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. మొదట అల్లుడే పోల్చుకున్నాడు. “పాప! పాప గురించి అడుగుతున్నవు కదా?” అన్నాడు. అమ్మాయి తల గట్టిగా ఊపింది. మాటలు పోయినా అంకెలు పోలేదు. పిల్ల పుట్టినప్పటి బరువు రాసి పిల్లను అడిగింది. అల్లుడు వెంటనే మా వారికి వీడియో కాల్ చేశాడు. ఆయన ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది. ఉగ్గుగిన్నె, చెంచా అన్నీ వేడినీళ్ళతో కడిగి బల్ల మీద వరసగా ఆరబెట్టుకున్నారు. “ఫికర్ వద్దమ్మా, మూడు గంటలకోసారి తాగుతోంది,” అని టైములు రాసుకున్న కాగితం ఫోన్‌కు ఎదురుగా పెట్టి చూపించారు. అమ్మాయి ఆ కాగితంలోని అంకెలన్నీ వేలుపెట్టి ఒక్కొక్కటే చదువుకుంది.

ఆ మర్నాడు ఆస్పత్రి క్యాంటీన్‌లో అల్లుడితో నేనే ఆ మాట ఎత్తాను. “బాబూ, ఇదంతా నా వల్లే జరిగింది. నీళ్ళు అడిగితే ఇవ్వలేదు.”

కాదు అత్తమ్మా అంటాడేమోనని నాలో ఒక మూల ఆశ ఉంది. అతను అనలేదు. టీ కప్పు పక్కకు జరిపి, “ఎందుకు ఇయ్యలేదు అత్తమ్మా? నేను కూడా అడిగిన కదా,” అన్నాడు. గొంతు పెంచలేదు. లేచి వార్డుకు వెళ్ళిపోయాడు. రెండు రోజులు నాతో మందుల సంగతి, పాప సంగతి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. మూడో రోజున నా పక్క బెంచీలో వచ్చి కూర్చుని, “కోపం మీ మీద ఒక్కరి మీద కాదు. నేను అదే ఇంట్ల ఉన్న. లేచి ఒక గ్లాసు నీళ్ళు ముంచి ఇయ్యడానికి నన్నెవరు ఆపిన్రు? మీకు తెలుస్తదిలే అనుకున్న,” అన్నాడు. అంతకు మించి మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు.

డాక్టరమ్మను కూడా అడిగాను. రౌండ్స్ అయ్యాక వరండాలో ఆపి, దాచకుండా చెప్పమన్నాను. ఆమె నన్ను తప్పించనూ లేదు, నిలబెట్టి నిందించనూ లేదు.

“కాన్పు తరవాత కొన్ని వారాలు ఒంట్లో రక్తం తొందరగా గడ్డకట్టే గుణంతో ఉంటుంది మాతాజీ. రక్తస్రావం ఆగడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటు అది. ఈమెకు రక్తహీనత కూడా ఉంది. వాటికి తోడు ఒంట్లో నీరు తగ్గింది. ఒక్క కారణం అని ఎవరూ చెప్పలేరు. నీళ్ళు తాగి కూడా ఈ జబ్బు వచ్చినవాళ్ళున్నారు, తాగకపోయినా రానివాళ్ళున్నారు. మన చేతిలో ఉన్నది నీళ్ళొక్కటే. అది మాత్రం ఇవ్వాలి.”

పదిహేను రోజులకు ఇంటికి పంపారు. ఆ మందులు వాడుతూ పాలివ్వచ్చని డాక్టరమ్మ చెబితే నేను రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాను. పాలు దాదాపు వెనక్కి పోయాయి. మాలిష్ చేసే ఆమె దగ్గర కూర్చుని ఓపికగా పట్టించింది. కొంత తల్లిపాలు, కొంత డబ్బాపాలు అయ్యాయి. మొదటి రోజే ఆమె చేతులు పట్టుకుని, “మీరు చెప్పినప్పుడు వినలేదు,” అన్నాను. ఆమె ఇబ్బందిగా, “ఛోడియే ఆంటీజీ,” అని ఆ మాట అక్కడే వదిలేసి నూనె వేడిచేయడానికి వెళ్ళింది.

తరవాత ఆరు నెలలు మాత్రలు. రక్తం ఎంత పల్చగా ఉందో చూడటానికి మొదట్లో వారం వారం పరీక్ష. మాటల కోసం ఒక టీచరమ్మ దగ్గర అభ్యాసాలు. రోజూ పొద్దున బాల్కనీలో తండ్రీ కూతుళ్ళు కూర్చునేవాళ్ళు. ఆయన కూరగాయ ఒక్కొక్కటి ఎత్తి చూపిస్తే తను పేరు చెప్పేది. ‘టమాటర్’ తొందరగా వచ్చింది. ‘వంకాయ’కు తొమ్మిది రోజులు పట్టింది. ‘పొట్లకాయ’ రాకపోతే, “ఇది నాకు ముందు కూడా రాదు నాన్నా,” అని తనే నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

ఆరు నెలల తరవాత మళ్ళీ స్కాన్ తీశారు. మూసుకుపోయిన సిర కొంతవరకు తెరుచుకుంది. మిగతా రక్తం చుట్టుపక్కల చిన్న సిరలు దారి చేసుకుని తీసుకుపోతున్నాయట. అమ్మాయి మళ్ళీ స్కూలుకు వెళుతోంది. బాగా అలిసిపోతే మాట కోసం వెతుక్కుంటుంది. పిల్లల ముందు అలా అయినప్పుడు బోర్డు వైపు తిరిగి కాసేపు రాస్తున్నట్టు నటిస్తానని చెప్పింది. గర్భం రాకుండా వేసుకునే కొన్ని మాత్రలు తను ఇక వాడకూడదు. మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే ముందే డాక్టరును కలిసి, రక్తం పల్చబడే ఇంజెక్షన్లు తీసుకుంటూ మొయ్యాలి. రెండో బిడ్డ మాట మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

పోయిన ఏడాది గుంటూరు దగ్గర మా అక్క కూతురికి నెలలు నిండుతున్నాయని తెలిసి అక్కకు ఫోన్ చేశాను.

“అక్కా, కాన్పయ్యాక దానికి నీళ్ళు బాగా ఇవ్వు. పథ్యం నీ ఇష్టం. నీళ్ళ దగ్గర మాత్రం పట్టింపు వద్దు.”

“ఏందే నువ్వు! మనం కనలేదా? అమ్మ మనకు కొలిచే ఇచ్చిందిగా. ఏమైంది మనకి?”

“మనకేం కాలేదు. పిన్నికి అయింది.”

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. తొలికాన్పుకు మా ఇంటికే వచ్చింది. బిడ్డ పుట్టిన రెండో వారంలో పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. బాలింత సన్నిపాతం, అంటే కాన్పు తరవాత వచ్చే జ్వరం అన్నారు. పిన్ని మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ఆ ఒక్క ముక్కతోనే ఆపేసేవాళ్ళు. అక్క నాకంటే అయిదేళ్ళు పెద్దది. పిన్ని గదిలోకి అన్నం పళ్ళెం తీసుకెళ్ళేది తనే.

“తలకాయ నొప్పనేదే,” అంది అక్క. “పడుకోమంటే పడుకునేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ తరవాత ఫిట్సు వచ్చినయి.”

“జ్వరం ఉండేదా?”

“గుర్తులేదే. చిన్నదాన్ని.”

పిన్నికి వచ్చింది ఇదే జబ్బని నేను చెప్పలేను. చూసిన డాక్టరు లేడు, తీసిన బొమ్మ లేదు. పక్కనున్న పదకొండేళ్ళ పిల్ల జ్ఞాపకం ఒకటే మిగిలింది. కానీ ఆ ఫోన్ తరవాత చాలాసేపు నాకు పిన్ని కంటే మా అమ్మే ఎక్కువగా గుర్తొచ్చింది. చెల్లెలి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. నీళ్ళు ఆమే కొలిచి ఇచ్చి ఉంటుంది. నాకు స్కాన్ చూపించి చెప్పడానికి ఒక మనిషి దొరికింది. అమ్మకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తట్టుకునేదా, లేక తెలియకపోవడమే మేలయిందా? నేను తేల్చుకోలేకపోయాను.

అక్క కూతురికి మగపిల్లాడు పుట్టాడు. నాలుగో రోజున అక్కే ఫోన్ చేసింది. “పిల్లకు కాస్త తలనొప్పిగా ఉందంటోంది. ఏం చూడమంటావు?” గొంతులో భయం తెలుస్తోంది. నేను చెప్పబోతుంటే అమ్మాయి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తెలుగులో, ఒక్కో మాటా చూసుకుంటూ చెప్పింది.

“పెద్దమ్మా, పడుకుంటే ఎక్కువ అవుతోందా? చూపు... చూపు మసగ్గా ఉందా? వాంతి వచ్చిందా? లేదా? సరే. అయినా ఇవాళే డాక్టరుకు చూపించండి. ‘బాలింత, తలనొప్పి’ అని ముందే చెప్పండి. మైగ్రేన్ అని పంపేస్తే, మా చెల్లి కూతురికి ఇలా అయిందని నా పేరు చెప్పండి.”

సాయంత్రానికి అక్క మళ్ళీ ఫోన్ చేసింది. డాక్టరు అన్నీ చూసి భయం లేదన్నాడట. నిద్ర చాలలేదట. ఈసారి అది నిజంగానే నిద్రలేమి.